ఐరిష్ వంట ఇంట్లో: సోడా బ్రెడ్, కోల్‌క్యానన్, స్ట్యూ సరిగ్గా కుదరాలంటే

ఐర్లండ్ వంటల గురించి నన్ను అడిగేవి దాదాపు రెండే ప్రశ్నలు. డబ్లిన్‌లో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు "సోడా బ్రెడ్ గట్టిగా, లోపల పచ్చిగా వస్తోంది, ఎందుకు?" అంటారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేసి చూసినవాళ్లు "చప్పగా ఉందండీ, ఇంకేం వేయాలి?" అంటారు.

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. ఏమీ వేయకండి. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, పచ్చిమిర్చి ఇవేవీ వద్దు. ఉప్పు చాలిందా, వెన్న చాలిందా, బంగాళాదుంపలో నీళ్లు ఉండిపోయాయా అని చూసుకోండి. చప్పదనానికి కారణం నూటికి తొంభై పాళ్లు ఈ మూడింట్లోనే దొరుకుతుంది. నాలుగైదు దినుసులతో చేసే వంటలివి. దినుసు ఒక్కటి సరిగ్గా లేకపోయినా దాన్ని దాచడానికి మసాలా ఉండదు. అందుకే కొలతలు, వేడి, దుంప రకం గురించి ఇక్కడ ఇంత చెప్పాల్సి వస్తోంది.

ముందు సమకూర్చుకోవాల్సినవి

కిచెన్ స్కేలు ఒకటి ఉండాలి. కప్పులతో కొలిస్తే మైదా ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది, బ్రెడ్ చెడేది అక్కడే. ఓవెన్ ఉంటే మంచిది. లేకపోతే బరువైన ఇనుప పెనం చాలు, ఆ పద్ధతి కూడా కింద రాశాను. స్ట్యూకి మందపాటి అడుగున్న గిన్నె, దానికి బిగుతుగా కూర్చునే మూత కావాలి.

*వంట సోడా.* ఐర్లండ్ దుకాణాల్లో "బ్రెడ్ సోడా" అని అమ్మేది మన వంట సోడానే. బేకింగ్ పౌడర్ వేరు. అందులో ఆమ్లం ముందే కలిసి ఉంటుంది కాబట్టి ఈ కొలతకు పనికిరాదు. బట్టలుతికే చాకలి సోడా తినేది కాదు. వంట సోడా, చాకలి సోడా రెండూ ఇంట్లో ఉంటే డబ్బాల మీద పేర్లు రాసి పెట్టుకోండి.

*పిండి.* ఐర్లండ్‌లో ఉంటే "క్రీమ్ ఫ్లోర్" లేదా "ప్లెయిన్ ఫ్లోర్" అని ఉన్న ప్యాకెట్ తీసుకోండి. "స్ట్రాంగ్ ఫ్లోర్" వద్దు. అది ఈస్ట్ బ్రెడ్‌కి, ఇక్కడ సాగుతుంది. "సెల్ఫ్ రైజింగ్" కూడా వద్దు. మన దగ్గరైతే మామూలు మైదా సరిపోతుంది.

*మజ్జిగ.* ఐర్లండ్‌లో డబ్బాల్లో దొరికే బటర్‌మిల్క్ చిక్కగా, పుల్లగా ఉంటుంది. మనం తాగే మజ్జిగలో నీళ్లు ఎక్కువ, పులుపు తక్కువ. దాన్ని నేరుగా పోస్తే బ్రెడ్ పొంగదు. 300 గ్రాముల పుల్లటి పెరుగులో 100 మి.లీ. నీళ్లు పోసి, ఉండలు లేకుండా చిలకండి. పెరుగు తియ్యగా ఉంటే ముందురోజు రాత్రి బయట ఉంచి పులియనివ్వండి. పెరుగే లేకపోతే 400 మి.లీ. పాలలో ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల నిమ్మరసం కలిపి పది నిమిషాలు ఆగండి. ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి వేసి ప్యాకెట్లలో అమ్మే మసాలా మజ్జిగ మాత్రం వాడకండి.

సోడా బ్రెడ్

ఐర్లండ్‌లో పండే గోధుమ మెత్తటి రకం. ఈస్ట్‌తో బాగా పొంగేంత జిగురు అందులో ఉండదు. 19వ శతాబ్దంలో వంట సోడా చవకగా దొరకడం మొదలయ్యాక, ప్రతి ఇంట్లో ఉండే పుల్లటి మజ్జిగతో దాన్ని కలిపి ఈ రొట్టె చేసుకున్నారు. చాలా ఇళ్లలో ఓవెన్ ఉండేది కాదు. మూతపెట్టిన ఇనుప కుండలో, మూత మీద నిప్పులు పోసి కాల్చేవారు. ఈ రొట్టెకు కావలసిన సిద్ధాంతం ఇంతే: సోడాకు ఆమ్లం తగిలిన క్షణం నుంచే గ్యాస్ పుడుతుంది, ఎవరి కోసమూ ఆగదు. అందుకే తడి తగిలాక మీ చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే.

కావలసినవి: మైదా 450 గ్రాములు, వంట సోడా 1 టీస్పూన్ (గీటుగా, గోపురంలా కాదు), ఉప్పు 1 టీస్పూన్, పైన చెప్పిన మజ్జిగ 350 నుంచి 400 మి.లీ.

1. ఓవెన్‌ను 230 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఓవెన్ వేడెక్కకుండా పిండిని తడపకండి. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే అది వెళ్లగలిగినంత పైకి, చాలావాటిలో 200 నుంచి 220 దాకా పెట్టండి. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో ఈ రొట్టె రాదు.

2. మైదా, ఉప్పు, సోడా కలిపి జల్లించండి. సోడాను విడిగా వేళ్లతో నలిపి వేస్తే ఇంకా మేలు. ఉండ మిగిలితే రొట్టెలో పసుప్పచ్చ మచ్చ పడి, అక్కడ సబ్బు రుచి వస్తుంది.

3. వెడల్పాటి గిన్నెలో పిండి మధ్య గుంట చేసి 350 మి.లీ. మజ్జిగ ఒక్కసారే పోయండి. వేళ్లు చాచి బిగబట్టి, గిన్నె మధ్య నుంచి అంచుల దాకా గుండ్రంగా తిప్పండి. అడుగున పొడి పిండి కనిపిస్తే మిగతా మజ్జిగ కొద్దికొద్దిగా పోయండి. ముద్ద చపాతీ పిండి కన్నా చాలా మెత్తగా, చేతికి కాస్త అంటుకునేలా ఉండాలి. ఎగుడుదిగుడుగా ఉన్నా పర్వాలేదు.

4. పిసకకండి. మన చేతులకు అలవాటే పిసకడం. పిండి కనిపించగానే అరచేతి అడుగుభాగంతో నొక్కుతాం. ఇక్కడ ఆ అలవాటును పూర్తిగా ఆపుకోవాలి. ముద్ద ఒక్కటయ్యాక మైదా చల్లిన బల్ల మీద వేసి, ఒకటి రెండుసార్లు తిప్పి, పైన చక్కగా సర్ది, దాదాపు 4 సెంటీమీటర్ల మందం ఉన్న గుండ్రటి బిళ్లగా చేయండి.

5. పదునైన చాకును మైదాలో ముంచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కూడికె గుర్తులా లోతుగా కోయండి. లోపలున్న దయ్యాలను, అంటే అక్కడి జానపద కథల్లోని ఫెయిరీలను, బయటికి పంపడానికి ఈ కోత అని ఐరిష్ పెద్దవాళ్లు చెబుతారు. వంటకు దానివల్ల ఉపయోగం ఏమిటంటే, వేడి నడిమికి చేరుతుంది. పైపైన గీస్తే మధ్యభాగం పచ్చిగా ఉండిపోతుంది. సగం మందం దాకా కోయండి.

6. మైదా చల్లిన ట్రేలో పెట్టి 230 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత 200కు తగ్గించి ఇంకో 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి. చిన్న ఓటీజీ ఓవెన్‌లో పై కమ్మీ దగ్గరగా ఉంటుంది కాబట్టి ట్రేను కింది అరలో పెట్టండి. పైన త్వరగా మాడుతుంటే అల్యూమినియం ఫాయిల్ కప్పండి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

రంగు చూసి తీయకండి. గుడ్డతో పట్టుకుని తిరగేసి, అడుగున వేలి కణుపుతో తట్టండి. డొల్లగా మోగితే అయినట్టు. బరువుగా, మూగగా ఉంటే తిరగేసి ఇంకో 5 నుంచి 8 నిమిషాలు ఓవెన్‌లో పెట్టండి. ఇంకా అనుమానముంటే కోత కలిసే చోట సన్నని పుల్ల గుచ్చండి, తడి పిండి అంటకుండా రావాలి. తీసిన వెంటనే కోస్తే లోపల జిగురుగా అనిపిస్తుంది. కనీసం అరగంట జాలీ మీద ఉంచండి. పై పెచ్చు మెత్తగా కావాలంటే పొడి నూలు గుడ్డ చుట్టి ఉంచండి. కరకరలాడాలంటే చుట్టకండి.

తప్పు ఎక్కడ జరిగిందో రొట్టే చెబుతుంది. గట్టిగా, బరువుగా వచ్చిందంటే పిసికారు, లేదా మజ్జిగ తక్కువైంది. పొంగకుండా పలచగా పరుచుకుందంటే మజ్జిగ ఎక్కువైంది, లేదా కలిపాక ఆలస్యం చేశారు. పసుపు రంగు తిరిగి చేదుగా ఉంటే సోడా ఎక్కువ, పులుపు తక్కువ. ఉప్పు సరిగ్గానే వేసినా చప్పగా అనిపిస్తే, మీరు వెన్న రాయకుండా తింటున్నారు. మందంగా రాసిన ఉప్పు వెన్నతో తినే రొట్టె ఇది, పులుసులో ముంచి తినేది కాదు.

గోధుమ రంగు బ్రెడ్ కావాలనేవారికి ఒక మాట. ఐర్లండ్‌లో దానికి వాడే పిండి గరుకుగా విసిరినది. మన చక్కీ ఆటా మరీ మెత్తన, నీళ్లు ఎక్కువ తాగుతుంది. మొత్తం ఆటాతో చేస్తే ముద్దలా కూర్చుంటుంది. ఆటా 200, మైదా 200, గోధుమ తవుడు 50 గ్రాములు కలపండి. మజ్జిగ మరో 30 నుంచి 50 మి.లీ. పట్టవచ్చు. ఎండుద్రాక్ష, కాస్త పంచదార వేసి చేసేదాన్ని అక్కడ "స్పాటెడ్ డాగ్" అంటారు. పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఓవెన్ లేకపోతే: పెనం మీద ఫార్ల్స్

ఓవెన్ లేదని వెనకాడేవాళ్లు నేరుగా ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. ఉత్తర ఐర్లండ్‌లో ఇదే పిండిని నాలుగు ముక్కలుగా కోసి పెనం మీద కాల్చి (ఆ ముక్కలే ఫార్ల్స్), ఉదయం గుడ్లు, సాసేజ్‌లతో తింటారు. మనకు ఇంతకన్నా సులువైనది లేదు.

1. పై కొలతలో సగం తీసుకోండి. మజ్జిగ మాత్రం 160 మి.లీ. దగ్గర ఆపండి, ముద్ద కాస్త గట్టిగా ఉండాలి.

2. ఇనుప పెనాన్ని సన్నని సెగ మీద పెట్టి చిటికెడు మైదా చల్లండి. నూనె వేయకండి. మైదా నిమిషం, నిమిషంన్నరలో నెమ్మదిగా లేత గోధుమ రంగుకు తిరిగితే వేడి సరిగ్గా ఉంది. పడగానే మాడితే పెనం దింపి చల్లార్చండి.

3. ముద్దను 2 సెంటీమీటర్ల మందం లోపు గుండ్రంగా తట్టి, నాలుగు ముక్కలుగా కోసి, మధ్యలో కాస్త ఖాళీ వదిలి పెనం మీద పెట్టండి.

4. ఒక్కో వైపు 7 నుంచి 9 నిమిషాలు. తర్వాత ముక్కలను కోసిన అంచుల మీద నిలబెట్టి ఒక్కో అంచుకు నిమిషం ఇవ్వండి. ఈ పని చాలామంది వదిలేస్తారు, అంచులు తెల్లగా పచ్చిగా ఉండిపోయేది అందుకే.

ఒక ముక్కను మధ్యకు చీల్చి చూడండి. లోపల తడి జిగురు ఉంటే మంట ఎక్కువైందని అర్థం. ఈసారి సెగ తగ్గించి, సమయం పెంచండి.

కోల్‌క్యానన్: బంగాళాదుంప, క్యాబేజీ, వెన్న

దుంప సరిగ్గా లేకపోతే ఈ వంట మొదలుపెట్టడమే వృథా. ఐర్లండ్ పేదల కడుపు నింపింది బంగాళాదుంపే. 1845లో తెగులు సోకి పంట కుళ్లిపోయినప్పుడు వచ్చిన కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచి వెళ్లారు. ఆ దేశంలో దుంప గురించి మనం బియ్యం గురించి మాట్లాడినంత పట్టింపుగా మాట్లాడతారు. వాళ్లకు నచ్చేది పిండి పిండిగా విచ్చుకునే దుంప. తొక్క పగిలి లోపలి తెలుపు కనిపిస్తే "దుంప నవ్వుతోంది" అంటారు.

ఐర్లండ్‌లో ఉంటే రూస్టర్ గానీ కెర్స్ పింక్ గానీ కొనండి. మన మార్కెట్లో రకాల పేర్లు రాయరు కాబట్టి పాత దుంప అడగండి. పలచని తొక్క ఊడిపోయే కొత్త దుంప ముద్దగా, సాగుతూ వస్తుంది. పరీక్ష కావాలంటే ఒక కప్పు ఉప్పుకు పదకొండు కప్పుల నీళ్లు కలిపి దుంపను వేయండి. మునిగితే పిండి దుంప, తేలితే నీటి దుంప.

నలుగురికి: బంగాళాదుంపలు 1 కిలో, క్యాబేజీ లేదా కేల్ ఆకు 300 గ్రాములు, ఉల్లికాడలు 6, పాలు 200 మి.లీ., ఉప్పు వెన్న 100 గ్రాములు, ఉప్పు, మిరియాల పొడి.

1. దుంపలు తొక్కతోనే, కోయకుండా ఉడికించండి. కుక్కర్ వాడితే నీళ్లలో ముంచకుండా స్టాండ్ మీద పెట్టి ఆవిరికి ఉడికించండి. ముక్కలు కోసి నీళ్లలో ఉడికిస్తే దుంప నీళ్లు తాగేస్తుంది, తర్వాత ఎంత ఉప్పు వేసినా చప్పగానే ఉంటుంది.

2. నీళ్లు వంపేసి, దుంపలను అదే వేడి గిన్నెలో వేసి, మూత బదులు పొడి గుడ్డ కప్పి 5 నిమిషాలు ఉంచండి. ఆవిరిని గుడ్డ పీల్చుకుంటుంది.

3. ఈలోగా ఆకును సన్నగా తరిగి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో క్యాబేజీ అయితే 4 నిమిషాలు, కేల్ అయితే ముదురును బట్టి 6 నుంచి 8 నిమిషాలు ఉడికించండి. వార్చి, గట్టిగా పిండేయండి. పాలకూర వాడకండి, అది నీరు వదులుతూనే ఉంటుంది.

4. పాలలో తరిగిన ఉల్లికాడలు వేసి, పొంగు వచ్చే ముందు దించండి. చల్లటి పాలు పోస్తే దుంప జిగురెక్కుతుంది.

5. దుంపలు వేడిగా ఉండగానే తొక్క తీసి, పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ వద్దు. ఒక్కసారి తిప్పినా పిండి తెగి బంకలా మారిపోతుంది, ఇక దాన్ని బాగుచేసే దారి లేదు.

6. వేడి పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. సగం వెన్న, ఆకు, ఉప్పు, మిరియాల పొడి వేసి కలిపి రుచి చూడండి. ఉప్పు దాదాపు ఎప్పుడూ ఇంకాస్త పడుతుంది. ఇంట్లో తీసిన వెన్న వాడుతుంటే అందులో ఉప్పు ఉండదని గుర్తుపెట్టుకోండి.

7. పళ్లెంలో పెట్టి మధ్యలో గుంట చేసి, మిగతా వెన్న అందులో వేయండి. ఒక్కో ముద్దను అంచు నుంచి తీసి, కరిగిన వెన్నలో అద్దుకుని తినాలి. నెయ్యి వేస్తే ఆ వాసనే ముందుకు వచ్చి రుచి పూర్తిగా మారిపోతుంది.

పళ్లెంలో పెట్టినప్పుడు కుప్ప తన రూపంలో నిలబడాలి, చుట్టూ నీరు ఊరకూడదు. ఊరిందంటే ఆకును సరిగ్గా పిండలేదు. ఆకు లేకుండా ఉల్లికాడలతోనే చేస్తే అది ఛాంప్. హాలోవీన్ రాత్రి కోల్‌క్యానన్‌లో ఉంగరం, నాణెం దాచి, ఎవరికి ఏది వస్తే వాళ్ల భవిష్యత్తు అదని చెప్పుకునే ఆనవాయితీ ఉంది. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఆ సరదా వద్దు, గొంతులో అడ్డుపడుతుంది.

ఐరిష్ స్ట్యూ

ముందు ఒక అపోహ తొలగించాలి. సెయింట్ ప్యాట్రిక్స్ డే, అంటే మార్చి 17న, కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరవేసిన గొడ్డు మాంసం), క్యాబేజీ వండటం అమెరికాకు వలస వెళ్లిన ఐరిష్‌వాళ్ల అలవాటు. ఐర్లండ్‌లో క్యాబేజీతో ఉడికించేది బేకన్, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసం. అవి వండుకోనివాళ్లకు స్ట్యూ ఉంది. మేక మాంసంతోనూ బాగా కుదురుతుంది.

కావలసినవి: ఎముకతో ఉన్న మెడ లేదా భుజం మాంసం 1 కిలో (ఐర్లండ్‌లో లాంబ్, అంటే గొర్రెపిల్ల మాంసం, ఇక్కడ మటన్), బంగాళాదుంపలు 1 కిలో, పెద్ద ఉల్లిపాయలు 3, నీళ్లు 750 మి.లీ., ఉప్పు 2 టీస్పూన్లు, మిరియాల పొడి, థైమ్ రెండు రెబ్బలు. థైమ్ లేకపోతే నాలుగైదు వాము గింజలు చాలు, రెండింటి వాసనకూ మూలం ఒకటే. అంతకన్నా ఎక్కువ వేస్తే వాము ఒక్కటే తెలుస్తుంది. క్యారెట్ వేయాలా వద్దా అని అక్కడివాళ్లే వాదించుకుంటారు. నేను రెండు వేస్తాను.

1. మాంసం వేయించకండి. ఇది తెల్లటి స్ట్యూ. చల్లటి నీళ్లలో వేసి ఒక పొంగు రానిచ్చి, నురుగుతో సహా ఆ నీళ్లు పారబోసి, ముక్కలు కడగండి.

2. గిన్నె అడుగున పలచగా కోసిన దుంపల్లో మూడో వంతు పరచండి. ఇవి కరిగి పులుసును చిక్కబరుస్తాయి. పైన మాంసం, ఉల్లి, థైమ్, ఉప్పు, మిరియాలు వేసి నీళ్లు పోయండి.

3. పొంగు వచ్చాక మంట పూర్తిగా తగ్గించి మూత పెట్టండి. పైన ఒకటి రెండు బుడగలు మాత్రమే రావాలి. కుతకుత మరిగితే మాంసం పీచులా గట్టిపడుతుంది. లాంబ్‌కు గంట పడుతుంది, ముదురు మటన్‌కు రెండు గంటలు పైనే.

4. మాంసం ముప్పాతిక వంతు మెత్తబడ్డాక క్యారెట్, పెద్ద ముక్కలుగా కోసిన మిగతా దుంపలు పైన పేర్చి, ఇంకో 35 నుంచి 40 నిమిషాలు ఉడికించండి.

కుక్కర్‌లో చేసేవాళ్లు నీళ్లు 500 మి.లీ.కు తగ్గించి, మాంసం, అడుగు దుంపలు, ఉల్లి మాత్రం 5 విజిల్స్ రానివ్వండి. ఆవిరి దానంతటదే పోయాక మూత తీసి, మిగతా దుంపలు వేసి మామూలు మూతతో ఉడికించండి. అన్నీ కలిపి విజిల్ పెడితే దుంపలు కనిపించవు.

గరిటె ముంచి తీస్తే పులుసు దానికి పలచని పొరలా పట్టాలి. నీళ్లలా కారుతుంటే నాలుగు దుంప ముక్కలను గిన్నె గోడకు నొక్కి మెదిపి, మూత లేకుండా 10 నిమిషాలు ఉంచండి. కార్న్‌ఫ్లోర్ కలపొద్దు. మాంసం ఎముక నుంచి చెంచాతోనే విడిపోవాలి. చివర పార్స్‌లీ చల్లండి. దొరకకపోతే ఊరుకోండి, కొత్తిమీర చల్లితే అది మటన్ కూరే అవుతుంది.

ఉప్పు దించే ముందు ఒకసారి, పది నిమిషాలు ఆగాక మరోసారి చూడండి, దుంప ఉప్పు లాగేస్తుంది. వీలైతే ముందురోజే వండి ఫ్రిజ్‌లో పెట్టండి. పైన గడ్డకట్టిన కొవ్వు చెంచాతో తీసేసి, సన్నని సెగ మీద వేడిచేసుకోండి. రుచి మొదటి రోజు కన్నా బాగుంటుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తుంది. కోల్‌క్యానన్ మిగిలితే బిళ్లలుగా తట్టి వెన్నలో రెండు వైపులా ఎర్రగా కాల్చుకోండి. సోడా బ్రెడ్ చేసిన రోజే బాగుంటుంది, మర్నాటికి పొడిబారుతుంది. అప్పుడు ముక్కలు కోసి పెనం మీద వేడిచేసి వెన్న రాసుకోండి.